పెద్ద చేపలో పాదరసం

సముద్రం మన నర్సంపేటకు దూరమే. కానీ మన భూపాలపల్లి వైపు చెల్పూరు థర్మల్ కేంద్రంలోనైనా, మరెక్కడైనా, మండే బొగ్గులో పాదరసం లవలేశంగా ఉంటుంది. పొగతో గాలికెక్కి, వానతో నీళ్లలోకి, చివరికి సముద్రంలోకీ దిగుతుంది. అడుగు బురదలోని బాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది. అసలు చిక్కు అక్కడే! నాచు నుంచి చిన్న చేపకు, దాన్నుంచి సొరచేపకు, మెట్టు మెట్టుకూ పోగుపడుతుంది. కండలోనే ఇంకిపోతుంది కాబట్టి ఎంత కడిగినా, ఎంత ఉడికించినా పోదు. జపాన్‌లోని మినమాటలో 1956లో వెలుగుచూసిన నరాల జబ్బుకు కారణం ఇదే: ఫ్యాక్టరీ వదిలిన పాదరసం, దాన్ని మోసిన చేపలు. అలాగని చేపలు మానకండి, మంచి తిండి అది. గర్భిణులకు, పసిపిల్లలకు మాత్రం సొర లాంటి పెద్ద వేటచేపలు వద్దు. కవళ్లు, నెత్తళ్లు వంటి చిన్నవి పెట్టండి.