ఎందుకు? ఏది? ఎవరు?
(రేడియో ప్రసంగ పాఠము)

 

ఈ దినపు ధ్యానం కొరకు మార్కు సువార్త 8వ అధ్యాయము 36వ వచనము తెరచి చదువుకొనండి. తక్కెడలో ఒక ప్రక్క లోకమంతా పెట్టి, రెండవ ప్రక్క ఒక్క మనిషి ప్రాణం పెట్టి, ఈ బేరంలో నీకు మిగిలేది ఏమిటని ప్రభువు అక్కడ లెక్క అడుగుచున్నాడు. ఒక సంగతి గమనించండి. అది ఆజ్ఞ కాదు, ప్రశ్న. ఆజ్ఞ ఇస్తే మనం తల ఊపి ఇంటికి వెళ్ళిపోతాం. ప్రశ్న అయితే మన వెంట ఇంటికి వస్తుంది.

బైబిలులో దేవుడు ఎన్ని ప్రశ్నలు అడిగాడో ఎప్పుడైనా లెక్కించారా? చెట్ల చాటున దాగిన ఆదామును, ఎక్కడ ఉన్నావని అడిగాడు. గుహలో కూర్చున్న ఏలీయాను, ఇక్కడ నీకేమి పని అని అడిగాడు. తన వెనుక నడిచి వచ్చిన ఇద్దరు శిష్యులను చూచి, మీరు దేనికోసం వెదకుచున్నారని యేసు ప్రభువు అడిగాడు. జవాబు తెలియక ఆయన అడగలేదు. మన జవాబు మనకే తెలియాలని అడిగాడు.

క్రీస్తుకు సుమారు నాలుగు వందల యేండ్ల ముందు గ్రీసు దేశపు ఏథెన్సు పట్టణంలో సోక్రటీసు అనే జ్ఞాని ఉండేవాడు. వీధిలో ఎదురైన వారిని ఆపి, ధైర్యమంటే ఏమిటి, న్యాయమంటే ఏమిటి అని ఆయన అడిగేవాడు. తమకు అన్నీ తెలుసుననుకొన్నవారు నాలుగు ప్రశ్నలకే తికమకపడేవారు. చివరకు క్రీ.పూ. 399లో ఆయనకు మరణశిక్ష వేశారు. పరీక్షించుకోకుండా బ్రతికే బ్రతుకులో విలువ లేదన్నది ఆయన సాక్ష్యం.

మన సీమకు కూడా ప్రశ్న కొత్త కాదు. ఆచారాలను, ఆడంబరాలను నిలదీసి అడిగిన వేమన ఈ రాయలసీమ నేలమీద తిరిగినవాడే. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ దొర ఒక క్రైస్తవ బోధకుని కుమారుడు. ఆయన వేమన పద్యాలను వెదకి సేకరించి, 1829లో ఆంగ్ల అనువాదంతో అచ్చు వేయించాడు. ప్రశ్నించే గొంతును ఆయన త్రోసివేయలేదు, భద్రపరచాడు. కాబట్టి సహోదరులారా, ప్రశ్న అడగడం అవిశ్వాసమని భయపడవద్దు. నిజాయితీగా అడిగిన ప్రశ్న ప్రార్థనకు గుమ్మం వంటిది.

మన జీవితంలో అన్నిటికంటె ముఖ్యమైనది ఏదో తెలిసికొనుటకు ఈ దినం మూడు ప్రశ్నలు మీ ముందు ఉంచుచున్నాను.

మొదటిది, ఎందుకు?

కర్నూలు జిల్లాలో ఒక పల్లెకు కూటానికి వెళ్ళినప్పుడు ఒక రైతు సహోదరుని ఇంట భోజనం చేశాను. నాలుగు బోర్లు వేశాడు, నాలుగూ ఎండిపోయాయి. ఐదవదానికి అప్పు కుదుర్చుకొని, ప్రార్థన చేయమని అడిగాడు. "చేస్తానన్నా, బోరు ఎందుకు?" అన్నాను.

"ఎందుకేంది సామీ, నీళ్ళకు."

"నీళ్ళు ఎందుకు?"

"పంటకు."

"పంట ఎందుకు?"

"అప్పు తీరాల. పాప చదువు నడవాల."

"పాప చదువు ఎందుకు?"

ఆయన నన్ను వింతగా చూచాడు. "నా బిడ్డ సామీ అది. ఆ పిల్ల బాగుండాల. దానికి మళ్ళీ ఎందుకేంది?"

అక్కడ మా ప్రశ్నలు ఆగిపోయాయి. ప్రియులారా, ఎందుకు అనే ప్రశ్న ఎక్కడ ఆగిపోతుందో, మన హృదయం అక్కడ ఉన్నది. మిగతావన్నీ అక్కడికి చేరుకొనే దారులే. అయితే ఇంటావిడ గడప దగ్గర నిలబడి మెల్లగా ఒక మాట అన్నది. "ఈ బోరు కోసమే ఈ యేడు పాపను కాలేజీ మాన్పిస్తామంటాండాడు సామీ."

చూచారా? బిడ్డ కోసం బోరు, ఆ బోరు కోసం బిడ్డ చదువు! దారి కోసం ఊరినే అమ్ముకొన్నట్లయింది. ఆ సహోదరుడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ సంవత్సరం ఆయన బోరు వేయలేదు. నల్లరేగడిలో నేల తేమకే పండే శనగ వేసికొన్నాడు. అప్పు తీరిందని నేను చెప్పను, తీరలేదు. పిల్ల మాత్రం కాలేజీకి వెళ్ళింది. బోరు వేయడం తప్పని నేను అనడం లేదు. దేనికోసం దేనిని ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలని చెప్పుచున్నాను.

రెండవది, ఏది?

అన్నీ పోయే గడియ వస్తే నీవు ఏది పట్టుకొంటావు? 2009లో కర్నూలు పట్టణాన్ని ఈ ప్రశ్న అడిగినది వరద. ఆ యేడు వానలు లేక ఆకాశం వైపు చూచిన జిల్లా మనది. సెప్టెంబరు చివరలో కుండపోత మొదలైంది. తుంగభద్ర పొంగింది, హంద్రీ పొంగింది. దిగువన శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద చేరి, నీరు వెనుకకు తన్నింది. అక్టోబరు 2, శుక్రవారం నాడు పట్టణం మునిగింది.

అప్పుడు మేము పాతబస్తీలో పల్లంలో ఉన్న ఒక వీధిలో కాపురమున్నాం. గడప దాటి నీళ్ళు వచ్చేసరికి నేను ట్రంకు పెట్టె తెరచి సర్టిఫికెట్లు, స్థలం కాగితాలు, బ్యాంకు పుస్తకం సంచిలో కుక్కాను. నా భార్య బిడ్డను ఎత్తుకొన్నది. ఎదురింటి మిద్దె ఎక్కాం. సంచిని గుండెకు హత్తుకొని, ముఖ్యమైనవన్నీ దక్కాయని దేవునికి స్తోత్రం చెప్పాను.

రాత్రి చీకటిలో నా భార్య అడిగింది, "అవ్వ ఏదండీ?"

అదే మూడవ ప్రశ్న. ఎవరు?

మా గోడ ప్రక్కనే ఒక ముసలవ్వ ఒంటరిగా ఉండేది. ప్రతి ఆదివారం మా వెంట మందిరానికి వచ్చేది. సంచి సర్దుకొన్న నేను ఆమె తలుపు తట్టలేదు. ఆ రాత్రంతా నీళ్ళ చప్పుడులో నాకు ఒకే మాట వినబడింది. నీ తమ్ముడు ఎక్కడ అని కయీనును దేవుడు అడిగిన మాట.

తెల్లవారిన తరువాత తెలిసింది. వీధి చివరి ముసల్మాను కుర్రవాళ్ళు ఇద్దరు ఆమెను మంచంతో సహా ఎత్తి తమ మిద్దె మీదికి చేర్చారు. నీళ్ళు తీసిన తరువాత బురదలో నడచుకొంటూ వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. క్షమించమని అడుగుదామనుకొన్నాను, నోరు రాలేదు. ఆమే నా చేయి పట్టుకొని అడిగింది. "నీ కాగితాలు తడవలేదు కదా నాయనా?"

ఆమె ఎత్తిపొడవలేదు. నిజంగానే నాకోసం దిగులుపడి అడిగింది. ఇన్నేండ్లు ప్రసంగాలు చేశాను గాని, ఆ ఒక్క ప్రశ్న చేసిన ప్రసంగం నేను ఎన్నడూ చేయలేదు. ఏది ముఖ్యమని నన్ను నేను అడిగికొన్నాను గనుక నాకు వస్తువులే కనబడ్డాయి. ఎవరు ముఖ్యమని అడిగిన ఆ కుర్రవాళ్ళకు మనిషి కనబడింది.

ప్రియ శ్రోతలారా, ఈ రాత్రి భోజనమైన తరువాత, దీపం ఆర్పకముందు, పది నిమిషాలు మౌనంగా కూర్చోండి. ఇప్పుడు మీరు దేనికోసం ఎక్కువగా పరుగెత్తుతున్నారో ఒక కాగితం మీద వ్రాయండి. దాని క్రింద ఎందుకు అని వ్రాసి జవాబు వ్రాయండి. ఆ జవాబు క్రింద మళ్ళీ ఎందుకు అని వ్రాయండి. ప్రశ్న ఆగినచోట ఎవరి పేరు ఉన్నదో చూడండి. ఆ తరువాత, గడచిన వారం ఆ మనిషికి ఎంత సమయం ఇచ్చారో నిజాయితీగా లెక్క వేయండి. చివరిగా, మీ గోడ ప్రక్కన ఉండి మీ కాగితంలో లేని పేరు ఎవరిదో దేవుని సన్నిధిలో అడగండి. తెల్లవారగానే వెళ్ళి ఆ తలుపు తట్టండి. వరద వచ్చేదాకా ఆగవద్దు.

ప్రార్థన చేసికొందము. పరలోకమందున్న మా తండ్రీ, మమ్మును ప్రశ్నించి నిన్ను వెదకునట్లు చేయువాడవు నీవే. దారులను పట్టుకొని గమ్యమును మరచిన మా బుద్ధిహీనతను క్షమించుము. బోర్లెండిన రైతును, ఒంటరియైన వృద్ధులను, చదువు ఆగిపోవునేమోనని భయపడు బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. నీవు నీ సహోదరుడు ఎక్కడ అని అడుగునప్పుడు, ఇదిగో నా ప్రక్కనే ఉన్నాడని చెప్పగల కృపను మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.