చేతి యంత్రము - చేని హద్దు

కోరుట్ల పసుపు చేలలోనైనను, సిరిసిల్ల వరిమడులలోనైనను గట్టు తగవు పుట్టినచో రైతు సర్వేయరు రాకకై ఎదురుచూచును. పూర్వము మన చేత 33 అడుగుల గొలుసు ఉండెడిది. 33 అడుగుల చదరము ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరము. నేడు ఉపగ్రహ సంకేతముల నందుకొను రిసీవరును, కొలతలను నమోదు చేయు డేటా కలెక్టరును వచ్చినవి. 2025 నాటి తెలంగాణ భూభారతి చట్టము రిజిస్ట్రేషనుతో సర్వే పటమును జతపరచు ఏర్పాటు చేసినది. కావున ఆ కలెక్టరును మనము ఎట్లు ఎన్నుకొనవలెను?

మొదట ఒక భ్రమ విడువవలెను. గట్టి పెట్టెలో నున్నంతమాత్రమున కొలత గట్టిది కాదు. సవరణ లేని చేతి యంత్రము కొన్ని మీటర్లు తప్పవచ్చును. మూడు మీటర్లే యనుకొందము. గుంట భుజము ఇంచుమించు పది మీటర్లే గదా! హద్దు అంతమేర జరిగినచో గుంటలో పదింట మూడు వంతులు పొరుగువాని పాలగును. అందుచేత సెంటీమీటర్ల మేరకు సవరించిన కొలత నిచ్చు రిసీవరుతో అది కలిసి పనిచేయవలెను.

తరువాత దారుఢ్యము. ఐ.పి. 67 గుర్తు గలది దుమ్మును రానీయదు. మీటరు లోతు నీటిలో అరగంట ఓర్చును. జగిత్యాల మే నెల యెండలో తెర కనబడునా, తడిచేతికి మీటలు లొంగునా, సాయంత్రము వరకు బ్యాటరీ నిలుచునా యని దుకాణములో గాక చేనిలోనే చూడవలెను. ఫోను సంకేతము అందనిచోటను కొలతలు లోపల భద్రముగా నిలువవలెను.

ఇన్ని యున్నను, పాత టిప్పనును, హద్దురాతిని, ఇరుగుపొరుగు రైతులను విడిచి కొలిచిన కొలత నిలువదు. యంత్రము అంకెను చెప్పును. ఆ హద్దునకు ఇరువురను ఒప్పించవలసినది మనమే.