మన పనికి మన పుస్తకము

(ధారావిలోని తెలుగు చాళ్ళ యువజనులను, వారి కుటుంబములను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



హైదరాబాదు రాజ్యమునుండి వచ్చి ఈ నగర నిర్మాణములో రాళ్ళు మోసిన మన పెద్దలను కామాటీలని పిలిచిరి. వారి పేరు కామాటిపురాకు నిలిచినది. కాని ఎవరు ఏ కట్టడమున ఎన్ని దినములు పనిచేసిరో తెలుపు కాగితము వారి బిడ్డల చేతికి రాలేదు. లెక్క మేస్త్రీ మస్టరులో ఉండెను, మేస్త్రీతోనే పోయెను.

నేడు మన యువకులలో కొందరు ఎత్తైన మేడల గోడలపై తాళ్ళతో దిగి అద్దములు తుడుచుచున్నారు, రంగులు వేయుచున్నారు. బొంబాయి హై నూనె వేదికలకు, గల్ఫు దేశములకు పోవలెనని ఆశించువారును కలరు. ఈ వృత్తికి రోప్ యాక్సెస్ అని పేరు. పనికొక తాడు, రక్షణకొక తాడు ఉండవలెను. వీనితోపాటు పనివానికి లాగ్‌బుక్కు కావలెను.

1980 దశకము చివర బ్రిటనులో ఏర్పడిన ఇరాటా సంస్థ ఈ పనివారిని మూడు శ్రేణులుగా విభజించినది. మొదటి శ్రేణినుండి రెండవదానికి పోవలెనన్న కనీసము 12 నెలల అనుభవమును, 1,000 గంటల పనిని లాగ్‌బుక్కులో చూపవలెను. రెండవదానినుండి మూడవదానికి మరల అంతే. దినమునకు 5 గంటల చొప్పున 1,000 గంటలనగా 200 పనిదినములు. వ్రాయనిచో ఆ కష్టమంతయు లెక్కకు రాదు.

కనుక ఏనాటి పని ఆనాడే వ్రాయవలెను. తేదీ, యజమాని పేరు, స్థలము, చేసిన పని, పట్టిన గంటలు వ్రాసి, పర్యవేక్షకుని సంతకమును ఆ పని ముగియకమునుపే తీసికొనవలెను. గుత్తేదారు మారిన పిదప సంతకమునకై తిరుగుట చెప్పులరుగుటకే. పుస్తకము పనివాని సొత్తు. దానిని గుత్తేదారు పెట్టెలో విడువరాదు. ప్రతి పుటకు ఫోటో తీసి ఇంటిలో భద్రపరుపవలెను. వ్రాత రానివారికి చదువుకొనుచున్న తమ్ముడో చెల్లెలో తోడ్పడవలెను.

ప్రయాణపు గంటలను, ఊరక కూర్చున్న గంటలను కలిపి వ్రాయరాదు. తాడుపై చిక్కుకొన్న తోటివానిని దించు బాధ్యత మూడవ శ్రేణివానిది. లేని అనుభవమును కాగితముపై చూపి ఆ స్థానమునకు చేరినవాని చేతిలో మరియొక తల్లి బిడ్డ ప్రాణముండును. తాటిచెట్టెక్కు గీతకాడు మోకును పరీక్షింపక పైకి పోడు. మన వ్రాతయు ఆ మోకువలె నమ్మదగినదై యుండవలెను.

తాపీపనివారికిని ఈ మాట వర్తించును. సంక్షేమ మండలిలో నమోదు కావలెనన్న గడచిన 12 నెలలలో 90 దినములు పనిచేసియుండవలెనని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టము విధించినది. ఆ 90 దినములను నోటిమాటతో రుజువు చేయుట కష్టము.

మన పెద్దలకు దక్కని లెక్క మన బిడ్డలకు దక్కవలెను. పనికి పోవువాడున్న ప్రతి ఇంట రేషను కార్డు ప్రక్కన ఈ పుస్తకము ఉండవలెనని మా మనవి.