విశ్వాసమునందు సద్గుణము

వాక్యభాగం: 2 పేతురు 1:5–7



ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండ ఉన్నది. క్రీస్తు పుట్టక మునుపే అక్కడ బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి గుహలు చేసికొని నివసించారు. ప్రాణహింస, దొంగతనం, అబద్ధం కూడవన్నది వారి శీలం. ఫలం మీద ఆశ లేకుండా కర్తవ్యం చేయాలని భగవద్గీత బోధ. సద్గుణమొక్కటే నిజమైన మేలని ఏథెన్సులోని స్తోయికులు నేర్పారు. పౌలుతో వాదించినవారిలో వారూ ఉన్నారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో చదువుతాం.

ప్రియులారా, వీటిని మనం చులకన చేయరాదు. ధర్మశాస్త్రం ఎరుగని జనులకు కూడా మంచిచెడ్డలు చెప్పే సాక్షి లోపల ఉన్నదని రోమా 2వ అధ్యాయంలో పౌలే ఒప్పుకుంటాడు. కాని 7వ అధ్యాయానికి వచ్చేసరికి, మేలేదో తెలిసి కూడా చేయలేని వేదనతో మూలుగుతాడు. మన రోగం తెలియకపోవడం కాదు, చేయలేకపోవడం.

మన కొల్లేరునే చూడండి. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు అందులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. అయినా చేపల చెరువుల గట్లు నీటి దారికి అడ్డుపడ్డాయి. 2006లో ప్రభుత్వం అనేక గట్లు కొట్టించవలసి వచ్చింది. నా గట్టు ఆపిన నీరు ఎవరి ఇంట్లోకి పోతుందో కట్టినవారికి తెలియదా?

నా తప్పు కూడా చెప్పుకుంటాను. ఒక లంక గ్రామంలో ఒక విశ్వాసి తన చెరువు మొదటి పట్టుబడిలో నుండి కృతజ్ఞతార్పణ తెచ్చాడు. నేను సంతోషంగా ప్రార్థించి దీవించాను. ఆరాధన ముగిశాక వలవేసి బ్రతికే ఒక పెద్దాయన నా దగ్గరకొచ్చి, "అయ్యగారూ, ఆ గట్టు వేసిన కాడ్నించి వాన నీళ్లు మా ఇళ్లలోకొస్తన్నాయి. దానిక్కూడా ప్రార్థన చేశారా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. సెమినరీలో సద్గుణాలను గురించి పరీక్షలు వ్రాసినవాడిని నేనే.

పేతురు చెప్పిన వరుస గమనించండి. గ్రీకు జ్ఞానులు వాడిన 'అరెతే' అనే మాటనే ఆయన సద్గుణమునకు వాడాడు. అయితే దానిని మొదట పెట్టలేదు. మొదటిది విశ్వాసం, చివరిది ప్రేమ. వేరు క్రీస్తులో ఉండాలి, పండు పొరుగువాని చేతికి అందాలి. వేరు లేని సద్గుణం అతిశయమవుతుంది. పండు లేని విశ్వాసం మృతమని యాకోబు హెచ్చరించాడు.

మరుసటి వారం నేను ఆ విశ్వాసి ఇంటికి వెళ్లాను. ముందు నా మౌనానికి క్షమాపణ అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఇద్దరం కలిసి గట్టు మీదికి నడిచాం. నీరు పోవుటకు ఆయన దారి తీయించాడు.

ప్రియ శ్రోతా, నీవు కట్టిన గట్టు ఏది? దాని దిగువన ఎవరున్నారు? ఈ రాత్రి ప్రభువు సన్నిధిలో ఆలోచించు.

ప్రార్థన చేసికొందము. ప్రభువా, మేలు ఎరిగియు చేయని మమ్మును క్షమించుము. చేయగల శక్తిని నీ ఆత్మ ద్వారా అనుగ్రహించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.