పశువైద్య విద్య - పల్లెబిడ్డల బాట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఒక పాడియావు రాత్రి యీనినది. తెల్లవారునప్పటికి లేవలేక, మెడను డొక్కవైపు త్రిప్పుకొని పడియున్నది. చెవులు చల్లబడినవి. మేత ముట్టదు. దిష్టి తగిలినదని యొకరు, గాలి సోకినదని మరియొకరు అందురు. ఇల్లాలు కన్నీరు పెట్టుకొనును. ఏలయన, బిడ్డల చదువు, అప్పుపై వడ్డీ, నెల వెచ్చములు అన్నియు ఆ యావు పాలమీదనే ఆధారపడియున్నవి. అంతలో పశువైద్యుడు వచ్చి, మెడయందలి రక్తనాళమున కాల్షియం మందును మెల్లమెల్లగా నెక్కించును. మందు ఎక్కుచున్నంతసేపును గుండెచప్పుడు వినుచునే యుండును. కొంతసేపటికి ఆవు వణకి, త్రేన్చి, పేడ వేసి, లేచి నిలుచును.

చిత్తూరు, తిరుపతి ప్రాంతములందలి పాడిపల్లెలకు ఇట్టి దృశ్యము క్రొత్త కాదు. దానిని కొట్టము గుంజ నానుకొని చూచిన బాలికయో, బాలుడో తానును అట్టి వైద్యము నేర్వవలెనని తలంచుట సహజము. ఆ తలంపు ఫలించుటకు నడువవలసిన బాట యెట్టిది? నేటి ప్రసంగమునకు విషయ మిదియే.

పై వ్యాధిని పాలజ్వరమందురు. పేరునకే జ్వరము, నిజమునకు ఒడలు చల్లబడును. ఈనినంతనే పాలలోనికి కాల్షియం విస్తారముగా పోవుటచే రక్తమున దాని పాలు తగ్గి, కండరములు పట్టు తప్పును. మందు ఎక్కించినచో ఆవు లేచును. ఆ మందునే త్వరపడి యెక్కించినచో గుండె ఆగి చచ్చును. మందు ఒక్కటే, బ్రదికించుటకును, చంపుటకును నడుమనున్న భేదము చదువు. పశువులపై ప్రేమ యుండుట మంచిదే గాని, ప్రేమ యొక్కటియే వైద్యము కాజాలదు.

పశువైద్యము మనకు క్రొత్త కాదు. శాలిహోత్రుని అశ్వశాస్త్రము, పాలకాప్యుని గజశాస్త్రము ప్రసిద్ధములు. తెనుగున మనుమంచిభట్టు హయలక్షణసారమును రచించెను. కాని రాజుల గుఱ్ఱములకును, ఏనుగులకును దక్కిన శ్రద్ధ రైతు కొట్టములోని యెద్దునకు చిరకాలము దక్కలేదు. ఐరోపాలో సయితము మొదటి పశువైద్య పాఠశాల ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమందు 1761లో గాని స్థాపింపబడలేదు. దక్షిణ దేశమున మద్రాసు పశువైద్య కళాశాల 1903లో వెలసెను. ఆ కాలమున చిత్తూరు సీమ యువకులకు ఈ చదువన్నచో మద్రాసు ప్రయాణమే. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినది. 1955లో తిరుపతియందు పశువైద్య కళాశాల నెలకొన్నది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయ మేర్పడగా ఆ కళాశాల దానిలో చేరినది. 2005లో తిరుపతి కేంద్రముగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము వెలసినది. నాడు మద్రాసునకు రైలెక్కవలసిన చదువు నేడు కొండ క్రిందనే లభించుచున్నది.

ఈ విద్య కోరువారు ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రము, భౌతిక, రసాయన శాస్త్రములు చదువవలెను. పిమ్మట ప్రవేశ పరీక్షలో మంచి స్థానము పొందవలెను. ఈ నియమములు మారుచుండును గావున విశ్వవిద్యాలయము ఆ యేడు వెలువరించిన ప్రకటనను చూచుకొనుట మేలు. చదువు ఐదున్నర సంవత్సరములు. అందు తుది సంవత్సరము ఆసుపత్రులలోను, పశుక్షేత్రములలోను పనిచేసి అనుభవము గడించుటకు. సీటు దొరకనివారు నిరాశ చెందనక్కరలేదు. పదవ తరగతి పిదప పశుసంవర్ధక పాలిటెక్నిక్కులలో రెండేండ్ల డిప్లొమా చదువు కలదు. అదియు గౌరవప్రదమైన వృత్తియే.

మొదట అస్థులు, కండరములు, రక్తనాళములు. తరువాత సూక్ష్మజీవులు, పురుగులు, మందులు. ఆపైన శస్త్రచికిత్స, ప్రసూతి, మేత, సంతానాభివృద్ధి. మనుష్యవైద్యు డొక్క శరీరమును నేర్చిన చాలును. పశువైద్యుడు నాలుగు అరల కడుపుగల ఆవును, ఒకే అర గల కుక్కను, గింజల నరగదీయు కండగల కోడిని వేర్వేరుగా నేర్వవలెను. పైగా రోగి నోరు విప్పి బాధ చెప్పదు. కన్ను, ముక్కుచెమ్మ, నెమరు, పేడ, నడక - ఇవియే దాని మాటలు. వీనిని చదువుటలో గొల్లవానికిని, పాడి సాకిన తల్లికిని పుట్టిన బిడ్డ పట్నపు బిడ్డకంటె ముందుండును. తెలుగున చదివి వచ్చినవారికి ఇంగ్లీషు గ్రంథములు మొదట కొంత భయము గొల్పును. అట్టివారు తమకుగల ఈ యాధిక్యమును మరువరాదు.

ఇందు కష్టములును కలవు. అడ్డము తిరిగిన దూడను సరిచేయుటకు అర్ధరాత్రమున భుజముదాక చేయి చొప్పింపవలెను. ఈసుకపోయిన పశువునుండి మాయ తీయునపుడు బ్రుసెల్లా రోగము వైద్యునికే సోకవచ్చును. వెఱ్ఱికుక్క భయము సరేసరి. దొమ్మరోగమున చచ్చిన పశువును కోయరాదని, లోతుగా పూడ్చవలెనని, తోలు ఆశించు యజమానికి నచ్చజెప్పవలెను. కొన్ని వేళల "ఇది బ్రదుకదు" అని పేదవాని ముఖముమీద నిజము చెప్పవలెను. ఈ చివరి పని యన్నింటికంటె కష్టము. దానికి సిద్ధపడనివారు ఈ బాట పట్టరాదు.

ఆడుబిడ్డలకు ఈ చదువేల యను ప్రశ్న కొందరి యిండ్లలో ఇంకను వినవచ్చుచున్నది. ఐర్లండు దేశపు ఆలీన్ కస్ట్ అను మహిళ పశువైద్యము నేర్చియు, స్త్రీ యను కారణమున తుది పరీక్షకు కూర్చుండనీయబడలేదు. ఐనను పల్లెలలో పశువులకు వైద్యము చేసెను. 1922లో గాని ఆమెకు పట్టము దక్కలేదు. మన యిండ్లలో పాలు పితుకునది, కుడితి పెట్టునది, దూడను సాకునది ఎవరు? పశువును దినమెల్ల కనిపెట్టియుండు చేతికి సూది పట్టు అధికారము లేదనుట న్యాయమా?

ఈ విద్య ఫలితమేమో చరిత్రయే చెప్పుచున్నది. ముసరవ్యాధి వచ్చినచో ఊరికి ఊరే కొట్టములు ఖాళీ యయ్యెడివి. భారతదేశమున 1954లో దాని నిర్మూలన ఉద్యమ మారంభమైనది. పల్లెపల్లెకు టీకాలు మోసిన వైద్యులు, సహాయకులు దశాబ్దములు శ్రమించిరి. 2006లో మన దేశమునకు ఆ రోగమునుండి విముక్తి లభించినట్లు గుర్తింపు వచ్చెను. 2011లో ప్రపంచమంతట అది నశించినట్లు ప్రకటించిరి. మనుష్యుల మశూచి పిదప భూమిమీదనుండి తుడిచివేయబడిన రెండవ వ్యాధి యిదియే. నేటి బిడ్డలకు దాని పేరైనను తెలియకపోవుటయే ఆ విజయమునకు గుర్తు.

ఐనను చేయవలసిన పని చాల మిగిలియున్నది. గాలికుంటు, గొంతువాపు, గొఱ్ఱెల చిటుకురోగము, నీలినాలుక ఇంకను ఉన్నవి. కొద్ది మేతతో వెన్నగల పాలిచ్చు మన పుంగనూరు పొట్టి ఆవు అంతరించు స్థితికి వచ్చి, పలమనేరు పరిశోధన క్షేత్రము వంటి చోట్ల కాపాడబడినది. వాన తప్పి వేరుసెనగ యెండిన యేడు ఈ సీమ రైతును నిలుపునది పశువే. పశువు నిలుచుటకు వైద్యుడు కావలెను; ఆ వైద్యుడు పల్లెకు రావలెను. పట్టము పొందినవారిలో కొందరు పట్టణములకును, పరదేశములకును పోవుట తప్పు కాదు. కాని పల్లెలో పుట్టి, పల్లె పాలు త్రాగి, పల్లె భాష తెలిసిన వైద్యుడు తిరిగి వచ్చినపుడు కలుగు మేలు వేరు.

ఇందు గ్రంథాలయమునకును కర్తవ్యము కలదు. కథలు, పురాణములతోపాటు జీవశాస్త్ర గ్రంథములు, పాడిపంటల పత్రికలు, ప్రవేశ ప్రకటనలు ఈ బల్లపై నుండవలెను. సాయంకాలము దీపము క్రింద రెండు గంటలు నిశ్శబ్దముగా చదువుకొను చోటు ఇంటిలో లేని బిడ్డకు ఇచ్చట దొరకవలెను. ఇరువదియైదేండ్ల ఈ సంస్థ తన యేబదవ యేట జరుపుకొను స్వర్ణోత్సవమున, ఈ బల్లపై చదివిన పశువైద్యురాలొకతె సభకు ఆలస్యముగా వచ్చి, "దారిలో ఒక ఆవు ఈనలేక యుండినది, అందువలన ఆలస్యమైనది" అని చెప్పుగాక! అంతకంటె ఈ గ్రంథాలయమునకు కావలసిన సత్కారము లేదు.