ఊరి అంగడి, పెద్ద దుకాణం, మగమ: కొండవీటి సీమ చిల్లర వర్తకంపై ఒక పరిశీలన
(స్మారకోపన్యాసం)

1. విషయ ప్రవేశం

చిన్న పట్టణాల్లో స్థానికులు నడిపే కొట్లను నిలుపుకోవాలా, నగరాల నుంచి వచ్చే పెద్ద దుకాణాలకు చోటిచ్చి ఊరుకోవాలా అన్నది పైకి కొనేవారి ఇష్టాయిష్టాల వ్యవహారంలాగే కనిపిస్తుంది. లోతుకు వెళ్తే మాత్రం, ఊరి సంపద ఎవరి చేతుల మీదుగా తిరిగి చివరికి ఎక్కడికి చేరుతున్నదన్న ప్రశ్నగా తేలుతుంది. ఈ ఉపన్యాసం ఆ ప్రశ్నను కొండవీటి సీమ పరిధిలో పరిశీలిస్తుంది. ఒకనాడు రెడ్డి రాజులకు రాజధానిగా వెలిగిన కొండవీడు నేడు యడ్లపాడు మండలంలో ఒక గ్రామం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు కేంద్రమైన నరసరావుపేట, జాతీయ రహదారిపై ఉన్న చిలకలూరిపేట ఇప్పుడు ఆ సీమకు అంగళ్లు.

ఇక్కడ చిల్లర వర్తకమంటే సరుకును వాడుకునేవారికి నేరుగా అమ్మే వర్తకం. ఊరి కొట్టు అంటే యజమాని ఆ ఊళ్లోనే కాపురముండి, లాభనష్టాలు తానే భరిస్తూ నడిపే దుకాణం. పెద్ద దుకాణమంటే బయటి సంస్థ యాజమాన్యంలో, అనేక ఊళ్లలో ఒకే పేరుతో, ఒకేచోట జరిగే భారీ కొనుగోళ్లతో నడుస్తూ, కొనేవారు తమంత తాము సరుకు తీసుకుని బిల్లు కట్టే విక్రయశాల. ఊరి కొట్టుకు కావలసింది జాలి కాదనీ, సరుకు కొనడంలో సమానమైన షరతులనీ, ఆ షరతులు కోరే కొట్టు ప్రతిగా ఊరికి లెక్క చెప్పవలసి ఉంటుందనీ నిరూపించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

2. శాసనాల సాక్ష్యం

బయటి వర్తకులు కొండవీటి సీమకు కొత్తవారు కారు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనాన్ని అనుసరించి, రాజధానిని అద్దంకి నుంచి కొండవీటికి మార్చిన అనవోతారెడ్డి 1358లో అక్కడే మరో శాసనం వేయించాడు. మోటుపల్లికి వచ్చి స్థిరపడేవారికి భూమి ఇవ్వడం, తెచ్చిన సరుకును నచ్చినవారికి అమ్ముకోనివ్వడం, కొన్ని సుంకాలను సడలించడం అందులోని ముఖ్యాంశాలు. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు దేశదేశాల సుగంధద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికే శ్రీనాథుడు ‘హరవిలాసా’న్ని అంకితమిచ్చాడంటే వర్తకుడికి ఆనాటి సమాజంలో ఉన్న స్థానం ఎంతటిదో తెలుస్తుంది. మల్లంపల్లి సోమశేఖరశర్మ రెడ్డి రాజ్యాల చరిత్రను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో ప్రచురించింది. ఆనాటి పాలనతో పాటు వర్తక జీవితాన్ని కూడా తెలుసుకోదలచినవారికి నేటికీ అది ఆధారగ్రంథమే.

1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని జయించిన తరువాత, 1520 నాటి కొండవీటి శాసనంలో ఈ చర్చకు ఇంకా దగ్గరి ఆధారం దొరుకుతుంది. జొన్నలు, సజ్జలు, ఉప్పు మొదలుకొని పసుపు, మెంతులు, జీలకర్ర, ఆవాలు, బెల్లం, నెయ్యి, ఆముదం, మిరియాలు, పోకల వరకు అంగట్లో మారే సరుకుల మీద దేవుడి పేర ఎంతెంత మగమ చెల్లించాలో అందులో వరుసగా చెప్పారు. మగమ అంటే వర్తకులు తమ అమ్మకాలపై ధర్మకార్యాల నిమిత్తం తీసిపెట్టే చిన్న భాగం. రాజుకు కట్టే సుంకం వేరు, ఊరి గుడికో సత్రానికో చేరే మగమ వేరు. అంగడి బాగుంటే ఊరికి ఏదో ఒకటి సమకూరుతుందన్న నమ్మకానికి లెక్కాపత్రంతో కూడిన రూపం అది. మోటుపల్లి శాసనం వర్తకుడికి పాలకుడు ఇవ్వవలసినదేమిటో చెబితే, కొండవీటి శాసనం ఊరికి వర్తకుడు ఇవ్వవలసినదేమిటో చెప్పింది. రెండూ రాతిమీద, అందరూ చూసేలా ఉన్నాయి.

3. ఊరి కొట్టు నడిచే తీరు

పల్నాడు పల్లెల్లో ఆదాయం నెలనెలా రాదు. పత్తి తీతలు అక్టోబరు నుంచి సాగుతాయి. మిరప కోతలు జనవరి మొదలు వేసవి దాకా జరుగుతాయి. కల్లాల్లో ఎండిన కాయ టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు, ఎక్కి గుంటూరు మిర్చి యార్డుకు చేరి, కమీషన్ ఏజెంటు దగ్గర లెక్క తేలాకే రైతు చేతికి డబ్బొస్తుంది. ఇంట్లో పొయ్యి మాత్రం రోజూ వెలగాలి. ఈ రెండింటి మధ్య ఖాళీని పూడ్చేది ఊరి కొట్టు ఖాతా పుస్తకమే. పొడుగాటి ఆ పుస్తకంలో ఇంటికొక పేజీ ఉంటుంది. పావుకిలో కందిపప్పు, వంద గ్రాముల చింతపండు, ఒక సబ్బు, పది రూపాయల టీపొడి అంటూ తేదీలవారీగా పద్దులు పడతాయి. మధ్యలో కూలి డబ్బు వచ్చినప్పుడు కొంత జమ రాస్తారు. పంట అమ్ముడయ్యాక బాకీ తీరిస్తే పేజీకి అడ్డంగా గీత గీసి కొత్త పేజీ మొదలుపెడతారు. హామీ కాగితం గానీ తాకట్టు గానీ లేని ఈ అరువు మనిషి మీద నమ్మకంతోనే నడుస్తుంది.

కొట్టు చేసే రెండో పని, బస్తాను పొట్లాలుగా విడగొట్టడం. రోజు కూలితో గడిపే కుటుంబానికి అయిదు కిలోల సంచి మీద ఇచ్చే తగ్గింపు వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఆ పూటకు సరిపడా లూజు సరుకు దొరకడమే దానికి ముఖ్యం. చీటీ రాసి పంపితే పిల్లలు సైతం సరుకు తెచ్చుకోగలగడం, పాడైన వస్తువును వెనక్కి తీసుకోవడం, పొద్దుపోయాక కూడా తలుపు తీయడం అంకెల్లోకి రాని సేవలు.

మూడో పని డబ్బును ఊళ్లో తిప్పడం. ఊళ్లో ఖర్చయిన రూపాయి ఇంకెన్ని చేతులు మారి ఎంత ఆదాయం పుట్టిస్తుందో చెప్పే భావనను అర్థశాస్త్రంలో గుణకం అంటారు. ఆర్.ఎఫ్. కాన్ 1931లో దీన్ని సిద్ధాంతీకరించగా, కీన్స్ దాన్ని తన ఆర్థిక సిద్ధాంతంలో కీలకం చేశాడు. కొట్టు యజమాని తన లాభంతో ఊరి దర్జీ చేత బట్టలు కుట్టించుకుంటాడు, ఊరి మేస్త్రీతో ఇల్లు కట్టిస్తాడు, కోటప్పకొండ తిరునాళ్ల ప్రభకు చందా రాస్తాడు. పెద్ద దుకాణంలో జీతాలు, అద్దె, పన్నులు పోగా మిగిలే లాభం సంస్థ ప్రధాన కార్యాలయానికి వెళ్తుంది. అయితే అక్కడి ఉద్యోగులకు వేళకు జీతం, చట్టబద్ధమైన భవిష్యనిధి ఉండే అవకాశం ఎక్కువనీ, ఊరి కొట్లలో పనివాళ్లకు అవి తరచుగా ఉండవనీ కూడా ఈ లెక్కలో చేర్చాలి.

4. పెద్ద దుకాణం రాక

తెలుగునాట స్వయంసేవా విక్రయశాలలు బయటివారితో మొదలుకాలేదు. 1986లో హైదరాబాదులో పుట్టిన త్రినేత్ర ఊరూరా విస్తరించి, 2007 నాటికి ఆదిత్య బిర్లా సంస్థ చేతిలోకి వెళ్లి ‘మోర్’ దుకాణాలకు పునాది అయింది. రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు 2006 చివర హైదరాబాదులోనే తెరుచుకున్నాయి. చెన్నైలో 1997లో మొదలై అనేక ఊళ్లకు పాకిన సుభిక్ష 2009లో అప్పుల భారంతో కూలింది. లాభం రాని రోజున గొలుసు దుకాణం మూసివేతను ఊరి అవసరంతో నిమిత్తం లేకుండా ఎక్కడో నిర్ణయిస్తారు. అప్పటికే చుట్టుపక్కల కొట్లు మూతపడి ఉంటే ఆ ఊరికి రెండూ లేకుండా పోతాయి.

విదేశీ పెట్టుబడిపై సాగిన చర్చలో చిన్న పట్టణాల ప్రస్తావన అరకొరగానే వచ్చింది. బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడిని 2012 సెప్టెంబరులో కేంద్రం అనుమతించినప్పుడు, ఒప్పుకోవాలో లేదో రాష్ట్రాలకు వదిలి, ప్రధానంగా పది లక్షలకు మించిన జనాభా గల నగరాలను దృష్టిలో పెట్టుకుని నిబంధనలు చేశారు. అంగీకరించిన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశీయ సంస్థలకు మాత్రం ఇటువంటి జనాభా హద్దు ఏదీ లేదు. నరసరావుపేట వంటి పట్టణం మీద ఒత్తిడి విదేశీ కంపెనీ పేరుతో కాక దేశీయ గొలుసు దుకాణం రూపంలో, చేతిలోని ఫోను రూపంలో వచ్చింది. వాల్‌మార్ట్ సైతం 2018లో ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటాను దాదాపు 1,600 కోట్ల డాలర్లకు కొని, వీధిలో దుకాణం తెరవకుండానే ఇంటి గుమ్మం దాకా వచ్చింది.

5. ధరలో తేడా పుట్టే చోటు

పెద్ద దుకాణం చౌకగా అమ్మగలగడంలో సామర్థ్యం పాత్ర కొంత ఉంది. భారీగా కొనడం, సొంత గిడ్డంగులు, సొంత బ్రాండ్లు దానికి నిజమైన బలాలు. మిగిలిన తేడా మాత్రం కొనుగోలు షరతుల్లోనే పుడుతుంది. కంపెనీ సరుకు స్టాకిస్టు, డిస్ట్రిబ్యూటరు చేతులు మారి ఊరి కొట్టుకు చేరుతుంది. పెద్ద సంస్థ నేరుగా కంపెనీ నుంచి తీసుకుంటుంది. ఫలితంగా గరిష్ఠ చిల్లర ధర, అంటే పొట్లం మీద ముద్రించిన ఎమ్మార్పీ, ఇద్దరికీ ఒకటే అయినా కొన్ని సరుకులు కొట్టు యజమానికి పడే ధరకన్నా తక్కువకే పెద్ద దుకాణంలో అమ్ముడవుతాయి. 2021 చివర డిస్ట్రిబ్యూటర్ల అఖిల భారత సమాఖ్య సమాన ధరలు కోరుతూ కంపెనీలకు హెచ్చరిక చేసింది. 2022 మొదట్లో మహారాష్ట్రలో కోల్గేట్ సరుకు పంపిణీని ఆపడం వెనుక ఉన్న ఫిర్యాదు ఇదే.

పోటీదారును దెబ్బతీయడానికి ఖర్చుకన్నా తక్కువకు అమ్మడాన్ని 2002 నాటి పోటీ చట్టం నాలుగో సెక్షను నిషేధించింది. ఆ నిషేధం మార్కెట్లో ఆధిపత్య స్థానం ఉన్న సంస్థకే వర్తిస్తుంది కనుక, ఒక్కో ఊళ్లో ఒక్కో దుకాణం ఇచ్చే తగ్గింపులను దాని కిందికి తేవడం కష్టం.

6. ఊరి కొట్టు లోపాలు

స్థానికత దానంతట అదే సద్గుణం కాదు. 1990ల చివర పత్తి రైతుల ఆత్మహత్యల సందర్భంలో, పురుగుమందుల వ్యాపారే సలహాదారుగా, అప్పు ఇచ్చేవాడిగా, కొన్నిచోట్ల పంట కొనేవాడిగా కూడా ఉండటం వల్ల రైతు ఎలా ఇరుక్కుపోయాడో చర్చకు వచ్చింది. ఆ వ్యాపారి ఊరివాడే, పరిచయస్తుడే. అరువు ఇచ్చే కొట్టులో ధర అడిగే స్వేచ్ఛ తగ్గుతుంది, బాకీ ఉన్నంతకాలం మరో కొట్టు గడప తొక్కడం కుదరదు. అరువు ఖరీదు వడ్డీ పేరుతో కాక ధరలో కలిసి ఉంటుంది.

దీనికన్నా తీవ్రమైన లోపం మరొకటి ఉంది. ఊళ్లో కక్ష వచ్చి ఒక కులాన్ని వెలివేసినప్పుడు, ఆ ఇళ్లకు సరుకు ఇవ్వవద్దన్న ఆంక్ష ముందుగా అమలయ్యేది ఊరి కొట్టులోనే. పేరూ ఊరూ అడగకుండా ఎవరైనా బుట్ట పట్టుకుని లోపలికి నడవగలిగే పెద్ద దుకాణం ఈ విషయంలో ఊరి కొట్టుకన్నా మెరుగు. అన్ని కులాలను ఒకే బంతిలో కూర్చోబెట్టిన చాపకూటిని మాచర్లలో బ్రహ్మనాయుడు నడిపాడని వీరగాథలు పాడుకునే పల్నాటికి ఈ మాట ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. తూకంలో తేడా, రసీదు ఇవ్వకపోవడం, గడువు దాటిన సరుకు వంటివి చట్టంతో సరిచేయగలిగిన లోపాలు. పరిచయంలోని బలవంతాన్ని వదిలించుకోవడానికి మాత్రం వర్తకుల సమాజమే పూనుకోవాలి.

7. ఇతర దేశాల అనుభవం

పెద్ద కొనుగోలుదారుకు ఒక ధర, చిన్నవాడికి మరో ధర ఇవ్వడాన్ని కట్టడి చేస్తూ అమెరికా 1936లో రాబిన్సన్-పాట్‌మన్ చట్టం చేసింది. పెద్ద దుకాణాలకు ముందస్తు అనుమతి ఉండాలని ఫ్రాన్స్‌లో రోయే చట్టం, జపాన్‌లో భారీ చిల్లర దుకాణాల చట్టం, రెండూ 1973లోనే వచ్చాయి. జపాన్ తన చట్టాన్ని 2000లో రద్దు చేసింది. ఫ్రాన్స్‌లో అనుమతుల చుట్టూ అవినీతి పెరిగిందన్న విమర్శ బలంగా వినిపించింది. అడ్డుగోడ కొంత వ్యవధిని మాత్రమే ఇస్తుందనీ, ఆ వ్యవధిలో చిన్న వర్తకులు కలిసి కొనడం నేర్చుకోకపోతే గోడ తీసేసిన రోజున మళ్లీ మొదటికే వస్తారనీ ఈ అనుభవాలు చెబుతున్నాయి.

కలిసి కొనడానికి నమూనాలు లేకపోలేదు. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 1844లో వినియోగదారుల సహకార దుకాణం మొదలైంది. గుంటూరు సీమ కూడా భాగమైన నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ 1904లో పుట్టింది. జర్మనీలో చిన్న కొట్ల యజమానులే కలిసి పెంచిన ఎడేకా నేడు ఆ దేశంలో అతిపెద్ద కిరాణా వ్యవస్థల్లో ఒకటి. అక్కడ కొట్టు యజమానిదే, టోకు కొనుగోలు మాత్రం అందరిదీ.

8. చేయదగినవి

మొదటిది, ఉమ్మడి కొనుగోలు. నరసరావుపేట, చిలకలూరిపేట వర్తక సంఘాలు నూనె, పంచదార, పప్పులు, సబ్బుల వంటి ఎక్కువగా కదిలే కొద్ది సరుకులతో మొదలుపెట్టి, సహకార చట్టం కింద నమోదై, కంపెనీలతో నేరుగా బేరం ఆడవచ్చు. యడ్లపాడు మండలంలోనే సుగంధద్రవ్యాల పార్కు ఉంది కనుక కారం, పసుపు వంటివాటిని స్థానికంగా పొట్లాలు కట్టించి, ఊరి కొట్లకు సొంత బ్రాండు కల్పించడం కూడా సాధ్యమే.

రెండోది, చట్టం. ఒకే పరిమాణంలో కొనే ఉమ్మడి సంఘానికీ గొలుసు దుకాణానికీ ఒకే ధర ఇవ్వాలన్న నియమం పోటీ చట్టంలో స్పష్టంగా చేరాలి. పురపాలక సంఘాలు పెద్ద దుకాణానికి భవన అనుమతి ఇచ్చేటప్పుడు వాహనాల రద్దీని, చుట్టుపక్కల వర్తకంపై పడే ప్రభావాన్ని అంచనా వేసి ప్రజల ముందు పెట్టాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చెప్పిన పట్టణ విక్రయ కమిటీలు నిజంగా సమావేశం కావాలి.

మూడోది, కొట్టు పాటించవలసిన కట్టుబాటు. ధరల పట్టిక గోడమీద ఉండాలి, అడిగినా అడగకపోయినా రసీదు ఇవ్వాలి, అరువు ధర నగదు ధర విడివిడిగా చెప్పాలి, ఖాతాకు నకలు కొనేవారి దగ్గర కూడా ఉండాలి. ఎవరికైనా సరుకు నిరాకరించిన సభ్యుడిని ఉమ్మడి కొనుగోలు నుంచి తప్పించే నియమం సంఘం నిబంధనావళిలోనే ఉండాలి.

నాలుగోది, మగమను నేటి రూపంలో నిలబెట్టడం. సంఘ సభ్యులు అమ్మకాలపై స్వచ్ఛందంగా తీసిపెట్టే చిన్న భాగంతో ఊరి బడికో గ్రంథాలయానికో మంచినీటి ఏర్పాటుకో ఒక నిధి ఏర్పరచి, దాని జమాఖర్చు ఏటా బహిరంగంగా ప్రకటించాలి.

9. ముగింపు

కొనేవారు ప్రతి సరుకూ ఊళ్లోనే కొనాలని శాసించడం న్యాయం కాదు. తక్కువ ఆదాయంతో నెట్టుకొచ్చే కుటుంబం పది రూపాయల ఆదా కోసం పెద్ద దుకాణానికి వెళ్తే దాన్ని ఊరిమీద అభిమానం లేకపోవడంగా చూడకూడదు. సమాన ధరకు సరుకు దొరికిన కొట్టు, ధర దాచకుండా, మనిషిని చూసి మార్చకుండా అమ్మి, తన రాబడిలో ఊరి భాగాన్ని లెక్కతో చూపిస్తే, కొద్దిపాటి తేడా ఉన్నా ఆ కుటుంబమే వెనక్కి వస్తుంది. సమాన ధర ఇప్పించడం ప్రభుత్వం చేతుల్లో, చట్టం చేతుల్లో ఉంది. మిగిలిన మూడూ వర్తకుల చేతుల్లోనే ఉన్నాయి కనుక, అవి ప్రభుత్వ నిర్ణయం కోసం ఆగనవసరం లేకుండా వచ్చే మిరప సీజనుకు ముందే మొదలుకాగలవు.