చవుక కారును తూచుటెట్లు?

కారు ధర తగ్గినపుడు దానితోపాటు ఏమేమి తగ్గినవో కనుగొనుటయే పరీక్షకు మొదటి మెట్టని మేము తలంతుము. ఇందుకు టాటా నానో చక్కని ఉదాహరణము. 2008 జనవరిలో ఢిల్లీ ప్రదర్శనలో కనబడి, 2009లో లక్ష రూపాయల కారుగా పేరొంది విపణికి వచ్చినది. 2018లో దాని తయారీ ముగిసినది.

దాని ఇంజను 624 ఘన సెంటీమీటర్లది, సిలిండర్లు రెండే. ఇంజనును వెనుక సీటు క్రింద అమర్చుటచే, 3.1 మీటర్ల నిడివిలోనే నలుగురికి చోటు చిక్కినది. ముందు భాగము తేలిక యగుటచే, మొదటి నమూనాలలో పవర్ స్టీరింగు లేకున్నను చక్రము సులువుగ తిరిగెడిది. 4 మీటర్ల వ్యాసార్ధములోనే మలుపు తిరుగు బండికి ఇరుకు సందులు అడ్డు గావు. అయితే ఇంజను చప్పుడు వెనుక కూర్చున్నవారికి వినబడక మానదు. మొదటి నమూనాలకు వెనుక తలుపు తెరచుకొనదు. సామానును సీటు వంచి లోపలినుండియే పెట్టవలెను.

ఇవి ఓర్చుకొనదగిన లోపములు. ఓర్వరానిది వేరొకటి కలదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గంటకు 64 కిలోమీటర్ల వేగమున ఈ కారును ఢీకొట్టించి చూడగా, పెద్దల రక్షణకు ఒక్క నక్షత్రమైనను దక్కలేదు.

స్కూటరుపై నలుగురు వానలో తడియుటకంటె కారు మేలే. కాని చవుకదనమును సీటులోను కిటికీలోను సహింపవచ్చును. ప్రాణరక్షణలో సహింపరాదని మా అభిప్రాయము. కొనువారు ధరకంటె ముందుగ ఆ ప్రశ్ననే అడుగవలెను.